లేబుల్ మీది క్రియాపదం

ఆమె పోయిన పది రోజులకు గాని నాకు తెలియలేదు. ఖానాపూర్ నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది.

"మా అవ్వ ఫోన్ల మీ నంబరు 'లాటిన్ మేడమ్' అని ఉన్నది. లాటిన్ అనేటిది ఏ ఊరో, మీరు ఎవలో తెల్వక ఇన్ని దినాలు చెయ్యలే. ఏమనుకోకుండ్రి," అంది. జ్వరం సంగతి, నిర్మల్ ఆస్పత్రికి తీసుకుపోయిన సంగతి, చర్చి వెనక మట్టి చేసిన సంగతి చెప్పింది.

కరీంనగర్‌లో మా ఇంటి బాల్కనీలో బట్టలు ఆరేస్తూ విన్నాను. "లాటిన్ ఊరు కాదమ్మా, భాష," అన్నాను.

"భాషనా? మా అవ్వకు వస్తుండెనా?"

"వచ్చు. నాకంటే బాగా వచ్చు."

అవతల ఆ పిల్ల ఏడ్చింది. అప్పటిదాకా ధైర్యంగా మాట్లాడిన పిల్ల, ఆ ఒక్క మాటకు ఎందుకు ఏడ్చిందో నాకు తెలుసు. తల్లి గురించి తనకు తెలియని సంగతి ఒకటి ఉందని, అది మూడో మనిషి నోట వినవలసి వచ్చిందని.

నిర్మల్‌లో నేను బాటనీ చెప్పిన తొమ్మిదేళ్లూ ఆమె మా ల్యాబ్ అటెండర్. నాకంటే పదేళ్లు పెద్ద. లెక్చరర్ల నుంచి విద్యార్థుల దాకా అందరం ఆమెను అక్క అనేవాళ్లం. ఖానాపూర్ దగ్గరి పల్లెలో కూలి చేసుకుని బతికిన మెథడిస్టు కుటుంబం వాళ్లది. పదో తరగతి తెలుగు మీడియంలో పాసైంది. చిన్నప్పుడు మేకల వెంట అడవికి పోయి, ఏ ఆకును మేక తింటుందో, దేన్ని వాసన చూసి వదిలేస్తుందో చూసి మొక్కలను గుర్తుపట్టడం నేర్చుకుంది.

కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. ఎవరైనా కొమ్మ తెచ్చి చేతికిస్తే ముందు ఆకును వెనక్కి తిప్పి చూసేది. బొటనవేలి గోటితో ఈనెను గిచ్చి వాసన చూసేది. ఆ తర్వాతే పేరు చెప్పేది. ఆకు ముట్టకుండా ఫోన్లో ఫొటో తీసుకుని పోయే విద్యార్థులను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "ముక్కు వాడనోనికి మొక్కలెట్ల తెలుస్తయిరా?" అని కేకలేసేది. అన్నం నిలబడే తినేది. కూర్చోమంటే, "కూసుంటే నిద్రొస్తది, నిద్రొస్తే పని పోతది," అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా వినిపించే మాట ఇంకొకటి. ఆమె ఏదైనా అడిగినప్పుడు మనం "అంతే అక్కా, అదలాగే" అంటే చాలు, చేతిలో పని కింద పెట్టేది.

"అంతే అనకుండ్రి మేడమ్. అంతే అనేటిది జవాబు కాదు."

మా ల్యాబులో ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితాలకు అతికించి బీరువాలో దాచేవాళ్లం. కాగితం కుడివైపు కింద చిన్న లేబుల్ ఉంటుంది. మొక్క శాస్త్రీయ నామం, ఊరు, తేదీ, సేకరించినవాళ్ల పేరు, గుర్తించినవాళ్ల పేరు అందులో రాయాలి. ఆమె చేతిరాత ముత్యాల కోవలా ఉండేది కాబట్టి ఆ పని ఆమెకే అప్పగించాం. ఆ పొడుగాటి లాటిన్ పేర్లను ఒక్కో అక్షరం చూసుకుంటూ బొమ్మ గీసినట్టు దించేది. అలా దించుతూ దించుతూ ఒకరోజు అడిగింది.

"మేడమ్, వరికి సటైవా అని రాసిండ్రు. ముల్లంగికి సటైవస్, ఎల్లిగడ్డకు సటైవమ్. గీ మూడు ఒక్కటేనా, మూడా?"

"ఒకటే అక్కా. విత్తి పండించేది అని అర్థం."

"ఒకటే అయితే తోకలెందుకు మారినయ్?"

ముందున్న పేరు స్త్రీలింగమైతే చివర 'ఆ', పుంలింగమైతే 'అస్', నపుంసకలింగమైతే 'అమ్' వస్తుందని చెప్పాను. అంతవరకు నాకు తెలుసు. బాగుందని తల ఊపి వెళ్లింది. రెండు రోజుల తర్వాత చింతకొమ్మ అతికించిన కాగితం పట్టుకుని వచ్చింది.

"మేడమ్, చింతచెట్టు మోసం చేస్తున్నది. దీని పేరు టామరిండస్. అస్ అంటే మొగోడు కదా. ఎనుకకు ఇండికా అని ఆడతోక పెట్టిండ్రు."

ఎమ్మెస్సీ చదివాను. ఐదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. టామరిండస్ ఇండికా అని కొన్ని వేలసార్లు అని ఉంటాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. "అంతే అక్కా, అలా వచ్చేసింది," అన్నాను.

"అంతే అనకుండ్రి. ఎవలో ఒకలు ఎందుకో ఒకందుకు పెట్టి ఉంటరు. మీకు తెల్వకుంటే తెల్వదనుండ్రి, గది వేరే."

తెలియదని చెప్పాను. ఇంటికి పోయి వెతికితే దొరికింది. లాటిన్‌లో చెట్ల పేర్లు, చివర 'అస్' ఉన్నా సరే, స్త్రీలింగమేనట. మర్నాడు చెప్పగానే, మొక్కల కట్టకు బిగిస్తున్న తాడు వదిలేసి పగలబడి నవ్వింది.

"చెట్లన్నీ ఆడోళ్లేనా! మరి ముల్లంగి మొగోడెట్లయ్యిండు?"

"ముల్లంగి చెట్టు కాదుగా అక్కా."

"గట్ల చెప్పుండ్రి! నిలబడి నీడనిచ్చేటిది ఆడది, పీకితే ఊడొచ్చేటిది మొగోడు."

నవ్వు ఆపుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, వెంటనే అడిగేసింది. "గా భాష నాకు నేర్పుండ్రి మేడమ్."

దాన్నిప్పుడు ఎవరూ మాట్లాడరని చెప్పాను. "మాట్లాడనీకి నాకు మనుషులు శాన మంది ఉన్నరు. నేను దినాం రాసేటిది నాకు తెల్వాలె, గంతే," అంది. ఆ 'గంతే' మాత్రం ఆమెకు జవాబే!

నాకూ ఆ భాష రాదు. హైదరాబాద్ పోయినప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక పలుచని లాటిన్ వ్యాకరణం దొరికితే కొనుక్కొచ్చాను. అది ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాలి, ఆమె గీతల నోట్‌బుక్కులో తెలుగు అక్షరాలతో రాసుకోవాలి. మధ్యాహ్నం అన్నాల వేళ అరగంట పాఠం. నిజం చెప్పాలంటే ఇద్దరం విద్యార్థులమే. నాకు ఇంగ్లీషు వచ్చు, ఆమెకు పట్టుదల వచ్చు.

విభక్తుల దగ్గర ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇవి మనకున్నయి కదా! డు, ము, వు, లు ప్రథమా విభక్తి," అని బడిలో బెత్తం భయంతో బట్టీ పట్టినదాన్ని ముప్ఫై ఐదేళ్ల తర్వాత గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. రోస అంటే గులాబి, రోసామ్ అంటే గులాబిని, రోసాయ్ అంటే గులాబి యొక్క, గులాబికి కూడా.

"యొక్కకు, కి-కి ఒక్కటే తోకనా? గింత గరీబు భాషనా మేడమ్!"

మొదటి వాక్యం 'పుయెల్లా రోసామ్ లేగిత్'. పిల్ల గులాబిని తెంపింది. ఇంగ్లీషులో అయితే మాటల వరుస మారిస్తే అర్థం తలకిందులవుతుంది, ఇందులో ఎటు మార్చినా ఫరవాలేదు అని నేను వివరించబోతుంటే ఆమె అడ్డం వచ్చింది. "మన తీరే కదా. 'ముంగిస పామును కొరికింది', 'పామును ముంగిస కొరికింది'. ఎట్ల తిప్పినా చచ్చేటిది పామే."

మూడో రకం నామవాచకాల దగ్గర మాత్రం ఆమె చిక్కుకుపోయింది. అక్కడ పదం మధ్యలోనే రూపం మారుతుంది. పువ్వు ఫ్లోస్, పువ్వు యొక్క అనాలంటే ఫ్లోరిస్. ఒక నెలంతా తప్పులే. ఇంకొకరైతే మానేసేవాళ్లు. నేనే మానేద్దామన్నాను కూడా. ఆమె వినలేదు. మొక్కలను పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైనా కిందా చెక్కలు వేసి తాళ్లతో బిగిస్తాం. ఆ తాడు బిగించేటప్పుడు ఒక్కో గుంజుకు ఒక్కో విభక్తి చదివేది. ఫ్లోస్ అని ఒక గుంజు, ఫ్లోరెమ్ అని ఒక గుంజు. విద్యార్థులు కిటికీలో నుంచి తొంగిచూసి నవ్వేవాళ్లు. ఆమె తలెత్తేది కాదు. ఆ నెలలో మా మొక్కలు ఎంత గట్టిగా నొక్కబడ్డాయంటే, కొన్ని పూలు కాగితం కంటే పలుచనయ్యాయి.

జువాలజీ సారు ఒకాయన ఊరుకోలేక, "అటెండర్‌కు లాటిన్ ఎందుకమ్మా?" అన్నాడు.

"సార్, మీరు కోసే కప్ప పేరు గూడ లాటినే. దానికీ తెల్వదు, మీకూ తెల్వదు. నాకన్న తెల్వనియ్యుండ్రి."



ఆ రోజుల్లోనే నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. నిర్మల్, ఖానాపూర్ చుట్టుపక్కల వాగుల వెంట పెరిగే మొక్కల మీద. ఆదివారాలు అడవికి పోవాలి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, కరీంనగర్‌లో మంచం పట్టిన అత్తగారు. కొన్ని ఆదివారాలు పోగలిగాను, చాలా ఆదివారాలు పోలేకపోయాను. అప్పుడు ఆమె పోయేది. వాళ్ల చెల్లెను తోడు తీసుకుని, వాగులూ గుట్టలూ తిరిగి, సోమవారం పొద్దున సంచి నిండా తడి గోనెలో చుట్టిన మొక్కలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టేది. ఏది ఎక్కడ, ఏ చెట్టు నీడన, ఏ మట్టిలో ఉందో ఒక్కటీ మరవకుండా చెప్పేది. వాటిని గుర్తించి పేరు పెట్టడం నా పని. లేబుల్ మీద సేకరించినవాళ్ల గడిలో నా పేరు ఉండేది. పరిశోధన నాది, అందుకని పేరు నాది. ఆ గడి నింపేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. నింపింది నా చెయ్యి అయితే కదా! నా పేరును తన ముత్యాల రాతతో రాసింది కూడా ఆమే.

క్రియల పాఠం ఎండాకాలంలో మొదలైంది. లాటిన్‌లో క్రియకు ముందు నేను, నువ్వు అని పెట్టనక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది అన్నాను. "మనం గూడ గంతే కదా," అని ఆమె నోట్‌బుక్కులో రెండు వరుసలు పక్కపక్కన రాసింది. లేగి, తెంపిన. లేగిస్తి, తెంపినవ్. లేగిత్ దగ్గర పెన్సిల్ ఆగింది.

"తెంపిండు అని రాయాల్నా, తెంపింది అని రాయాల్నా?"

"రెంటికీ అదే అక్కా. ఆడ మగ తేడా లేదు."

"మా చర్చిల చదివే పాత తెలుగుల గూడ గంతే. ఆయన చెప్పెను, ఆమె చెప్పెను. ఒకటే తోక." సంతోషంగా తర్వాతిది రాసుకుంది. లేగిముస్, తెంపినం.

పాఠం అయిపోతుండగా నేనే, ఏదో కొసరుగా, నోరు జారాను. "మన లేబుల్ మీద లెగ్ అని ఉంటుంది చూడు, అది ఇదే. లేగిత్‌ను పొట్టిగా చేసి రాస్తాం. తెంపినవాళ్లు ఫలానా అని."

ఆమె నోట్‌బుక్కు మూసింది. స్టూలు లాక్కుని కూర్చుంది. అన్నం కూడా నిలబడి తినే మనిషి, కదలకుండా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

"లెగ్ అంటే ఇంగ్లీషుల కాలు కదా మేడమ్. కాళ్లరిగేటట్టు తిరిగినోళ్ల పేరు గాడ రాస్తరేమో అనుకున్న ఇన్నేండ్లు. మరి తిరిగింది నేనైతే మీ పేరెందుకు అని గూడ అనుకున్న. పెద్ద చదువులల్ల గట్లుంటదేమోలే అని ఊకున్న. గిదైతే కాలు కాదు. తెంపింది అని చెప్తున్నది."

లేచి బీరువా తెరిచి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లని చిన్న పూల ఆర్కిడ్ మొక్క, నేల మీద పెరిగేది. మా ప్రాంతంలో ఎవరూ చూడలేదని నేను గొప్పగా వ్యాసం కూడా రాసుకున్న మొక్క.

"గీ దినం మీరు రాలే. మీ అత్తమ్మకు బాగలేకుంటే కరీంనగర్ పోయిండ్రు. నేను, మా చెల్లె పోయినం."

"అదొక పద్ధతి అక్కా," అన్నాను. "పరిశోధన నాది."

"పరిశోధన మీదే. పేరు పెట్టింది మీరే, గది నాకు రాదు. నేను కాదంటలేను. తెంపింది ఎవలని అడుగుతున్న."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్లకు వచ్చే కోపం ఎంత తొందరగా వస్తుందో, ఎంత గట్టిగా అరుస్తుందో అప్పుడు తెలిసింది. నేర్పిన పాఠం నా మీదికే తెచ్చావా అన్నాను. ఇక పాఠాలు చాలన్నాను. ఆమె కాగితాన్ని జాగ్రత్తగా తీసుకుపోయి మళ్లీ దాని చోటులోనే పెట్టింది.

మర్నాటి నుంచి పనంతా ఎప్పటిలాగే చేసేది. ఊడ్చేది, కడిగేది, మొక్కలు ఎండబెట్టేది, లేబుళ్లు రాసేది. ఒక్క 'లెగ్' గడి మాత్రం ఖాళీగా వదిలేసేది.

"అబద్ధం రాయను మేడమ్. గా ఒక్క గడి మీరే నింపుకోండ్రి."

నేను నింపుకున్నాను. నా కోడికాళ్ల రాత ఆమె రాత పక్కన ఎబ్బెట్టుగా కనిపించేది. వారం తర్వాత వచ్చి పుస్తకం అడిగింది. నేను ముఖం తిప్పుకుంటే, "పంచాది వేరే, పాఠం వేరే. బుక్కు ఇయ్యుండ్రి," అని సొరుగులో నుంచి తీసుకుని పోయింది. ఇంగ్లీషు సరిగా చదవలేని మనిషి ఆ పుస్తకంతో ఒంటరిగా ఏం కుస్తీ పట్టిందో గాని, తాడు బిగించేటప్పుడు ఇప్పుడు క్రియలు వినిపించేవి. ఆ ఎండాకాలమంతా మా మధ్య పని మాటలు తప్ప వేరే మాట లేదు.

వానాకాలంలో అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ వచ్చారు. బక్కపలుచని పెద్దాయన, ఆర్కిడ్ల మీద జీవితమంతా పనిచేసినవారు. నా వ్యాసం చదివి ఆ మొక్కను చూడడానికి వచ్చారు. ఎండిన మొక్కను భూతద్దంతో అరగంట చూశారు. తర్వాత భూతద్దం కింద పెట్టి, "దీన్ని బతికుండంగా చూడాల నాకు. మీరు ఏడ దీసినారో నన్ను ఆడికి తీసకపోతారామ్మా?" అన్నారు.

అప్పుడే ఆమె టీ గ్లాసులతో లోపలికి వచ్చింది.

వాగు పక్కన, ఖానాపూర్ దాటాక, అని ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. ఈసారి వానలు ఎక్కువ, దారి లేదు అనవచ్చు. ఆ రెండు అబద్ధాలూ నా నాలుక మీదికి వచ్చాయి. ఆమె నా వైపు చూడలేదు. గ్లాసు టేబుల్ మీద పెట్టి, చుక్క కారితే కొంగుతో తుడుస్తోంది. లేబుల్ మీద నా పేరు, ఆమె చేతిరాతలో, మా ముగ్గురి మధ్య ఉంది.

"నేను తెంపలేదు సార్," అన్నాను. "నేను ఆ చోటు చూడనే లేదు. తెంపింది ఈ అక్క. లేబుల్ తప్పు."

పెద్దాయన కుర్చీలో నుంచి లేచి నిలబడి ఆమెకు నమస్కారం చేశారు. "ఆడికి నన్ను తీసకపోతావా తల్లీ?"

"ఆదివారం పోదాం సార్. బూట్లు వద్దు, జారుతయి."

ముగ్గురం పోయాం. సన్నని వాన. బస్సు దిగి గంటన్నర నడక. ఆమె చీర కుచ్చిళ్లు పైకి చెక్కి ముందు నడిచింది, వెనక్కి తిరిగి చూసింది తక్కువ. వాగు ఒడ్డు చేరితే అక్కడంతా పశువులు తొక్కిన బురద. మొక్క ఆనవాలే లేదు. పెద్దాయన రాయి మీద కూర్చుని, "ఇంగ పోయినట్టేలే తల్లీ," అన్నారు.

"పాయె అంటే పాయెనా సార్? పైన తొక్కితే లోపల గడ్డ చస్తదా?"

చేతులు నేల మీద ఆన్చి, ఒడ్డు పొడుగునా గడ్డి పక్కకు తీస్తూ వంగి వంగి వెతికింది. నేను ఒక వైపు, ఆమె ఒక వైపు. ఎంతసేపో తెలియదు. వాన పెరిగింది. తునికి పొద కింద నుంచి ఆమె గొంతు వినిపించింది. "జర ఇటు రాండ్రి. మెల్లగ. కాలు సూసి పెట్టుండ్రి."

రెండు కాడలు. ఒకదానికి మొగ్గలు, ఒకదానికి విచ్చిన తెల్లని పూలు. పెద్దాయన బురదలో మోకాళ్ల మీద కూలబడిపోయారు.

గడ్డ నేలలోనే వదిలేసి ఒక్క కాడనే తెంపింది ఆమె. పెద్దాయన తన ఫీల్డు నోటుబుక్కు తీసి ఆమె చేతికిచ్చి, సేకరించినవాళ్ల దగ్గర పేరు రాయమన్నారు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, కొప్పులో పెన్సిల్ తీసి రాసి ఇచ్చింది. ఆయన చూసి కనుబొమలు ముడిచారు.

"ఈడ లెగ్ అని రాస్తారు గదా, నువ్వు లేగి అని రాసినావే?"

"లెగ్ అంటే లేగిత్ కదా సార్, తెంపింది అని. గది ఇంకొకలు నా గురించి రాస్తే. గిది నేనే రాస్తున్న. నా గురించి నేనే 'తెంపింది' అని ఎట్ల రాస్త? 'తెంపిన' అనే రాస్త."

వాన చప్పుడులో ఆయన చాలాసేపు నవ్వారు. నలభై ఏళ్లుగా ఆ మాట రాస్తున్నాను, అది క్రియ అని ఒక్కనాడూ ఆలోచించలేదు అన్నారు. ఆమె నవ్వలేదు. ఎండాకాలంలో తను నన్ను అడిగినదానికి జవాబు వచ్చింది, అంతవరకే అన్నట్టు, తడి గోనెలో మొక్కను చుడుతోంది.

తిరిగి వచ్చాక మా గైడుకు ఫోన్ చేసి నా కాగితాల్లో చాలావాటి మీద సేకరించినవాళ్ల పేరు తప్పని చెప్పాను. "ఎవరడిగారని ఇప్పుడు తవ్వుతున్నావు?" అని కసిరారు. అక్క అడిగింది సార్ అన్నాను. రెండు రోజులు నిద్ర లేదు, డిగ్రీ ఏమవుతుందోనని. మూడో రోజు ఆయనే చేసి, సరిచేసి జాబితా పంపమన్నారు. డిగ్రీకి ఏమీ కాలేదు. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఉన్న ఆమె పేరు తీసి, సేకరణల పట్టికలో, ఉండవలసిన చోట పెట్టాను.

రెండు నెలల మధ్యాహ్నాలు లేబుళ్లు తిరగరాస్తూ కూర్చున్నాం. బీరువాలోని ఒక్కో కాగితం తీసి ఆమె ముందు పెట్టేదాన్ని. ఆమె మొక్కను చూసి, ఊరి పేరు చూసి, కళ్లు మూసుకుని చెప్పేది. గిది నాది. గిది మీది. గిది నేను సూపిన, మీరు తెంపిండ్రు, గందుకని మీది. నాకు తప్పు చేసిన బరువు ఉంది కదా, అనుమానం ఉన్నవన్నీ ఆమెకే ఇచ్చేయాలని చూశాను. ఆమె ఒక్కటీ తీసుకోలేదు. "మీరు పరేషానై ఇస్తే నేను తీసుకోను. నాది నాకు చాలు." తనవాటి మీద లేగి అని రాసి పేరు పెట్టుకునేది. నావి నా చేతే రాయించేది.

చివరగా కొండగోగు వచ్చింది. ఆకులన్నీ రాలిపోయి, కొమ్మల చివర పెద్ద పెద్ద పసుపుపచ్చని పూలు మాత్రమే ఉండే చెట్టు. కాగితం మీద ఆ పువ్వు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. అంత ఎత్తు చెట్టు నేను ఎక్కి ఉండను కాబట్టి ఆమె వైపు జరిపాను.

"నాది కాదు," అంది.

"నాది మాత్రం కాదక్కా. నేనెప్పుడు చెట్లెక్కాను?"

"ఎక్కిండ్రు మేడమ్. మీరు కొత్తగా వచ్చిన ఏడు. చెప్పులు నా చేతికిచ్చి, కొంగు నడుముకు చెక్కుకుని ఎక్కిండ్రు. కింది కొమ్మ నేను వంచిన, పువ్వు మీరు తెంపిండ్రు. దిగంగ మోకాలు గీసుకపోయి నెత్తురొస్తే నవ్విండ్రు. 'ఇంట్ల చెప్పకు అక్కా' అన్నరు. నేను ఎవలకు చెప్పలే."

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రాలేదు. పిల్లలు, అత్తగారు, బస్సులు, థీసిస్ – వీటి వెనక ఎక్కడో చెట్టెక్కి నవ్విన ఒక మనిషి ఉందని, ఆ మనిషి నేనేనని ఆమె చెబితే వింటున్నాను. బల్ల కింద చీర కొద్దిగా పైకి జరిపి చూసుకున్నాను. కుడి మోకాలి మీద వేలెడు మచ్చ. చిన్నప్పుడెప్పటిదో అనుకుని ఇన్నేళ్లూ పట్టించుకోలేదు.

తలెత్తేసరికి ఆమె అప్పటికే లేబుల్ మీద 'లేగిముస్' అని రాసేసింది. తెంపినం. పేరు మాత్రం పెట్టలేదు. పెన్ను నా వైపు చాపింది.

"మీరు ముందు రాయుండ్రి. ఎక్కింది మీరు."